వైట్‌టెయిల్ జింక వేటకు బట్టలు, బూట్లు, సామాను వాసన లేకుండా సిద్ధం చేసుకోవడం: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో లైసెన్సు తీసుకుని వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్ళే మన తెలుగువాళ్ళు సీజన్ దగ్గర పడగానే అడిగే ప్రశ్న ఇది: "బట్టలు వాసన లేని సబ్బుతోనే ఉతికాను, స్ప్రే కూడా కొట్టాను. అయినా జింక తల ఎత్తి, ముక్కు పైకి పెట్టి, తోక లేపి పరుగు తీసింది. తప్పు ఎక్కడ జరిగింది?"

తప్పు చాలావరకు ఉతకడంలో ఉండదు. ఉతికిన బట్ట డ్రయర్‌లోంచి బయటికి వచ్చినప్పటి నుంచి మీరు మంచె ఎక్కి కూర్చునేదాకా ఉన్న ఆ మధ్య ప్రయాణంలో ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఉతుకు గురించి కొంత, ఆ తర్వాత శుభ్రతను కాపాడుకోవడం గురించి చాలా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు చట్టం మాట

ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో చట్టబద్ధంగా జరిగే వేట గురించే. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఇందులో ఏదీ అక్కడ వాడటానికి కాదు.

అమెరికాలోనూ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, ట్యాగ్ (వేటాడిన జింకకు తగిలించే అనుమతి చీటీ), సీజన్ తేదీలు మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు అందులో మినహాయింపు ఉంది. ఈ విషయంలో స్నేహితుల మాట మీద ఆధారపడకండి. లాయర్‌ని అడిగి నిర్ధారించుకున్నాకే తుపాకీ ముట్టుకోండి.

1. ఎంతవరకు సాధ్యమో ముందు తెలుసుకోండి

మనిషి వాసనను పూర్తిగా చెరిపేయడం కుదరదు. ఊపిరి ఆగదు, చర్మం మీది సన్నటి పొట్టు రాలుతూనే ఉంటుంది, చెమటను బ్యాక్టీరియా వాసనగా మారుస్తూనే ఉంటుంది. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో వాసనను పట్టి ఉంచే యాక్టివేటెడ్ కార్బన్ బట్టలు వేసుకుని దాక్కున్న మనుషులను కూడా శోధన కుక్కలు దాదాపు ప్రతిసారీ పట్టేశాయి. జింక ముక్కు కూడా తక్కువది కాదు.

మరి ఈ శ్రమంతా ఎందుకు? సామాను మీద రెండు రకాల వాసనలు ఉంటాయి. ఒకటి మన ఒంటిది. రెండోది బయటినుంచి అంటుకున్నది: డిటర్జెంట్ సువాసన, పెట్రోలు, పోపు, అగరబత్తి, కారు ఫ్రెష్‌నర్. మొదటిదాన్ని తగ్గించగలం. రెండోదాన్ని దాదాపుగా లేకుండా చేయగలం. ఈ రెండూ జరిగితే గాలి ఒక్క క్షణం అటూ ఇటూ తిరిగినా జింక ఉలిక్కిపడకుండా ఉండే అవకాశం పెరుగుతుంది. మీరు ఉదయం నడిచిన దారిని మధ్యాహ్నం దాటే జింక ఆగిపోకుండా వెళ్ళే అవకాశమూ పెరుగుతుంది.

గాలి దిశను పట్టించుకోకుండా సామాను మాత్రమే శుభ్రం చేస్తే ఫలితం ఉండదు. ఎంత ఉతికినా గాలి మీ మీదుగా నేరుగా జింక వైపు వీచే చోట కూర్చోకండి.

2. సామానును మూడు కుప్పలు చేయండి (సీజన్‌కు రెండు మూడు వారాల ముందు)

ఉన్నదంతా ఒకచోట పరచండి. జేబులన్నీ తిరగేయండి. నిరుటి చూయింగ్ గమ్ కాగితం, పల్లీ చిక్కీ ముక్క, చేతులు తుడుచుకున్న టిష్యూ దొరుకుతాయి. తర్వాత ఇలా విడదీయండి.

ఉతికేవి:
- లోపలి బనియన్లు, థర్మల్స్, సాక్సులు
- ప్యాంట్లు, చొక్కాలు, జాకెట్లు
- టోపీ, చేతి గ్లవ్స్, మెడ కప్పు, ముఖం కప్పు
- ఆరెంజ్ వెస్ట్ (మిగతా వేటగాళ్ళకు మనం కనబడేలా పైన వేసుకునేది)

తుడిచేవి:
- రబ్బరు బూట్లు
- విల్లు పిడి, తుపాకీ కట్టె, మంచె కడ్డీలు, నిచ్చెన మెట్లు
- బైనాక్యులర్ బాడీ, రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం), ఫోన్, తాళాల గుత్తి
- జింకను పిలిచే కాల్స్, జింకల దారిలో కట్టే ట్రెయిల్ కెమెరాలు

తయారీదారు సూచన చదవకుండా ముట్టుకోకూడనివి:
- సేఫ్టీ హార్నెస్, లైఫ్‌లైన్ తాడు
- లెన్సులు
- వింటి తాడు
- తోలు బూట్లు

చాలామంది మొదటి కుప్ప దగ్గరే ఆగిపోతారు. బ్యాగు భుజం పట్టీలు, బైనాక్యులర్ మెడ పట్టీ, టోపీ లోపలి పట్టీ ఎక్కువ చెమట తాగేవి. ఏళ్ళ తరబడి ఉతుకు చూడనివీ అవే.

3. బట్టల కంటే ముందు మెషిన్‌ను శుభ్రం చేయండి

ఇంట్లో రోజువారీ బట్టలకు సువాసన డిటర్జెంటు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్, సెంట్ బూస్టర్ పూసలు వాడుతుంటే వాటి జిగురు డ్రమ్ముకు, సబ్బు ట్రేకు, తలుపు రబ్బరుకు పట్టి ఉంటుంది. వాసన లేని సబ్బు పోసినా బట్ట ఆ పాత సువాసనతోనే బయటికి వస్తుంది.

- సబ్బు ట్రే ఊడదీసి వేడినీళ్ళలో కడగండి.
- ముందు తలుపు మెషిన్ అయితే రబ్బరు మడతల్లో గుడ్డ పెట్టి తుడవండి. బూజు దాక్కునేది అక్కడే.
- ఒక కప్పు వంటసోడా వేసి, బట్టలు లేకుండా బాగా వేడినీళ్ళ సైకిల్ నడపండి.
- డ్రయర్ ఫిల్టర్‌లో పేరుకున్న నూగు తీసేయండి. డ్రమ్మును తడిగుడ్డతో తుడవండి. డ్రయర్ షీట్ల మైనం అక్కడ పొరలా ఉంటుంది.

బ్లీచ్ వాడాలనుకుంటే దానితో పాటు వినెగర్ గానీ, మరే క్లీనర్ గానీ కలపకండి. బ్లీచ్, వినెగర్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ప్రమాదం.

అపార్ట్‌మెంట్‌లో అందరూ వాడే మెషిన్ అయితే ముందు ఎవరు ఏ సాఫ్ట్‌నర్ వేశారో మనకు తెలియదు. అలాంటప్పుడు అన్నిటికన్నా నమ్మకమైనది మన పాత పద్ధతే. కొత్త బకెట్ ఒకటి కేవలం దీనికోసం పెట్టుకుని నానబెట్టి, చేత్తో ఉతికి, మూడు నాలుగు సార్లు జాడించండి. షవర్ కడ్డీ మీద ఆరేసి, బాత్రూమ్ ఫ్యాన్ వేసి, తలుపు మూసి ఉంచండి. ఆ రోజు అక్కడ షాంపూ స్నానాలు వద్దు.

4. బట్టను బట్టి ఉతుకు

సబ్బు కొనేటప్పుడు సువాసన లేనిదా అని చూస్తే సరిపోదు. ఆప్టికల్ బ్రైటెనర్లు కూడా ఉండకూడదు. తెల్లబట్టలను మెరిపించే ఆ రసాయనం అతినీలలోహిత కాంతిని నీలి మెరుపుగా మారుస్తుంది. జింక కంటికి ఎరుపు, ఆరెంజ్ సరిగ్గా ఆనవు గానీ నీలం వైపు రంగులు బాగా కనబడతాయి. వాసన పోగొట్టుకోబోయి కంటికి చిక్కడం అంటే ఇదే.

సబ్బు తక్కువ వేయండి. లేబుల్ మీద చెప్పినదాంట్లో సగం సరిపోతుంది. మిగిలిపోయిన సబ్బు మురికిని పట్టి ఉంచుతుంది. అదనంగా ఒకసారి జాడించే సెట్టింగ్ తప్పక పెట్టండి.

పాలియెస్టర్: ఒంటి వాసనను మొండిగా పట్టుకునే బట్ట ఇది. ఉతికి ఆరాక బాగున్నట్టే ఉండి, ఒంటి వేడి తగలగానే చంకల దగ్గర పాత వాసన లేస్తుంది. ఉతికే ముందు అరకప్పు వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కొన్ని గంటలు నానబెట్టండి. చెమట వాసనకు కారణమైన ఆమ్లాలను సోడా లవణాలుగా మారుస్తుంది. అప్పుడు అవి గాలిలోకి లేవవు.

మెరినో ఉన్ని: చల్లటి నీళ్ళు, ఉన్నికి పనికొచ్చే వాసన లేని ద్రవ సబ్బు. ఎంజైమ్‌లు ఉన్న డిటర్జెంట్లు ఉన్నిని తినేస్తాయి. నానబెట్టడం, గట్టిగా పిండడం, వేడి డ్రయర్ వద్దు. ఒంటికి తగిలే పొరకు నేను సిఫారసు చేసేది ఇదే. ధర ఎక్కువైనా వాసనను చాలా నెమ్మదిగా పట్టుకుంటుంది. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఖరీదైన పై జాకెట్ కంటే ఈ లోపలి పొర మీద పెట్టండి.

వాన నీటిని ఆపే జాకెట్: ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ దీనికి విషమే. గాలి ఆడే రంధ్రాలు మూసుకుపోతాయి, లోపల చెమట పెరుగుతుంది. ఉతికాక తక్కువ వేడి మీద డ్రయర్‌లో తిప్పితే నీటిని జార్చే పూత మళ్ళీ పనిచేస్తుంది. లేబుల్ ఒప్పుకుంటేనే ఇలా చేయండి.

ఆరెంజ్ వెస్ట్: తుపాకీ సీజన్‌లో చాలా రాష్ట్రాల్లో ఇది తప్పనిసరి. పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాలు కనబడాలి. బ్లీచ్, పెరాక్సైడ్ తగిలితే రంగు వెలుస్తుంది. చల్లటి నీళ్ళలో విడిగా ఉతకండి. రంగు వెలిసిన వెస్ట్‌ను మార్చేయండి. ఇది మీ ప్రాణానికి సంబంధించినది.

5. ఆరబెట్టడం, ముక్కు పరీక్ష

బయట తీగ మీద ఆరేయడం మేలు. పక్కింటివాళ్ళు బార్బెక్యూ పెట్టిన రోజు, గడ్డి కోసే మెషిన్ తిరుగుతున్న రోజు వద్దు. డ్రయర్ వాడితే షీట్ వేయకండి. అతుకులు, జేబు మూలలు, నడుము పట్టీ పూర్తిగా ఆరాయో లేదో వేలు పెట్టి చూడండి. కాస్త చెమ్మతో పెట్టెలో పెడితే రెండు రోజుల్లో ముక్కిపోయిన వాసన వస్తుంది. మళ్ళీ మొదటినుంచి ఉతకాలి.

తర్వాత ఈ పరీక్ష చేయండి. బట్టను శుభ్రమైన పెద్ద జిప్ సంచిలో వేసి, మూసి, వెచ్చటి చోట గంట ఉంచండి. తెరిచి ఇంట్లో మరొకరిని వాసన చూడమనండి. మన ముక్కు మన వాసనకు అలవాటుపడి ఉంటుంది, అది సాక్ష్యం చెప్పలేదు. "ఏదో ఉంది" అన్నారంటే మళ్ళీ ఉతకాల్సిందే.

6. పురుగుల మందు ఎక్కడ వస్తుంది

వాసన భయంతో టిక్‌ల (ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పిడుదుల) మందు మానేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. లైమ్ జబ్బును మోసుకొచ్చే టిక్‌లు జింకలు తిరిగే చోటే ఉంటాయి. బట్టల మీద చల్లే 0.5% పెర్మెత్రిన్ ఆరాక మనిషి ముక్కుకు వాసన దాదాపు ఉండదు. సాధారణంగా ఆరు వారాలు లేదా ఆరు ఉతుకుల దాకా పనిచేస్తుందని లేబుళ్ళ మీద ఉంటుంది.

వరుస ఇది: ఉతకండి, పూర్తిగా ఆరనివ్వండి, బయట గాలిలో పెర్మెత్రిన్ చల్లండి, మళ్ళీ పూర్తిగా ఆరనివ్వండి, అప్పుడు పెట్టెలో పెట్టండి. ఒంటి మీద దీన్ని చల్లకూడదు. తడిగా ఉన్నప్పుడు పిల్లులకు విషం. ఇంట్లో పిల్లి ఉంటే ఆరేదాకా దగ్గరికి రానివ్వకండి.

7. పెట్టె: అసలు పని ఇక్కడే

శుభ్రమైన బట్ట చుట్టూ ఉన్న గాలిలోని వాసనను పీల్చుకుంటూ ఉంటుంది. అందుకే ఆరిన వెంటనే పెట్టెలోకి వెళ్ళిపోవాలి. కుర్చీ మీద, మంచం మీద, "సాయంత్రం మడత పెడతాను" అని వదలకండి.

- మూత చుట్టూ రబ్బరు పట్టీ ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె తీసుకోండి. కొత్తదైతే వంటసోడా నీళ్ళతో కడిగి, మూత తీసి ఎండలో కొన్ని రోజులు ఉంచండి. కొత్త ప్లాస్టిక్ వాసన కూడా వాసనే.
- చెత్త సంచులు వాడకండి. వాటిలో చాలావాటికి సువాసన కలిపి ఉంటుంది.
- లోపలి పొరలు, పై పొరలు విడివిడి సంచుల్లో పెట్టండి. మొదట వేసుకునేది పైన ఉండాలి. చీకట్లో చలిలో వెతుకుతూ అన్నీ బయట పడేయకుండా ఉంటుంది.
- పెట్టె తెరిచే ముందు చేతులు వాసన లేని సబ్బుతో కడుక్కోండి.
- బూట్లకు వేరే పెట్టె. వాడిన బట్టలకు మూడోది. వాడినవి శుభ్రమైన పెట్టెలోకి ఎప్పుడూ తిరిగి వెళ్ళకూడదు.

పైన్ కొమ్మలో, ఎండుటాకులో లోపల వేయాలా అని అడుగుతారు. మీరు వేటాడే చోటివే అయితే, పూర్తిగా ఎండినవైతే వేసుకోవచ్చు. పచ్చివి వేస్తే బూజు పడుతుంది. పైన్ చెట్లే లేని ఓక్ అడవికి పైన్ వాసనతో వెళ్ళడంలో అర్థం లేదు. నా మాట అడిగితే ఏమీ వేయకండి.

8. మన ఇంటి వాసనలు

ఇంగ్లీషులో దొరికే మార్గదర్శులు బేకన్, కాఫీ గురించి చెబుతాయి. మన ఇళ్ళ సంగతి వాటిలో ఉండదు, అందుకే విడిగా చెప్పాలి.

పోపు: ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి వేగిన నూనె ఆవిరి ఇల్లంతా తిరుగుతుంది. అమెరికా అపార్ట్‌మెంట్లలో చాలా పొయ్యిల పైన ఉండే ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, ఫిల్టర్‌లోంచి తిప్పి మళ్ళీ వంటింట్లోకే వదులుతుంది. ఆ నూనె ఆవిరి కోట్లు తగిలించే అల్మరాలోకి, కార్పెట్‌లోకి చేరుతుంది. వేట బట్టల పెట్టె వంటింటికి దూరంగా, వీలైతే కారు డిక్కీలోనో, బాల్కనీ స్టోరేజీలోనో ఉండాలి. చేపల పులుసు, పచ్చళ్ళ పోపు రోజున పెట్టె తెరవకండి.

పూజ గది: అగరబత్తి, సాంబ్రాణి, హారతి కర్పూరం. తక్కువ మోతాదులోనే గట్టిగా అంటుకుని, చాలాకాలం ఉండే వాసనలివి. వేట రోజు తెల్లవారుజామున దీపం పెట్టాలనుకునేవాళ్ళు స్నానం చేసి మామూలు బట్టలతో దీపం పెట్టుకోండి. అగరబత్తి మాత్రం తిరిగొచ్చాక వెలిగించుకోండి.

అల్మరా: కలరా ఉండలు వేసిన పెట్టెలో ఒక్కరోజు ఉన్న స్వెటర్ వాసన ఒక్క ఉతుకుతో పోదు. వేట బట్టలున్న చోట అవి అసలు ఉండకూడదు.

ఒళ్ళు: కొబ్బరి నూనె, మల్లె పరిమళం నూనె, పౌడరు, నొప్పుల బామ్, విక్స్ ముందురోజు సాయంత్రం నుంచి ఆపండి. తలనొప్పి వస్తే మాత్ర వేసుకోండి, బామ్ వద్దు. వాసన లేని సబ్బు, షాంపూతో స్నానం చేసి, వేట పెట్టెలోని తువ్వాలుతోనే తుడుచుకోండి. ఇంటి తువ్వాలులో సాఫ్ట్‌నర్ ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు.

తిండి: వెల్లుల్లి, ఉల్లి ఎక్కువగా ఉన్న భోజనం వాసన మర్నాడు కూడా ఊపిరిలో ఉంటుంది. ముందురోజు పెరుగన్నం, పప్పు లాంటివి తినండి.

9. బూట్లు

జింక దారిని దాటేది మీ బూటే. మొదటి వాసన అది నేలకు అప్పగిస్తుంది.

రబ్బరు బూట్లు మేలు. తోలు, కాన్వాస్ లాగా అవి వాసనను తాగవు. పైభాగాన్ని వంటసోడా నీళ్ళతో రుద్ది కడగండి. లోపలి మెత్త బయటికి తీసి విడిగా ఉతకండి. లోపల వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి, పొద్దున దులిపేయండి. గ్యారేజీలో పెట్టకండి, అక్కడి పెట్రోలు, పెయింటు వాసన రబ్బరు పైభాగానికి కూడా అంటుకుంటుంది.

ఇంకో నియమం: బూట్లు బండి ఆగిన చోటే తొడుక్కోవాలి. పెట్రోలు బంకు నేల మీద ఒక్కసారి అడుగు పెట్టినా, బ్రేక్ పెడల్ రబ్బరు మీద గంటసేపు పెట్టినా ఇంతవరకు చేసిందంతా వృథా.

10. గట్టి సామాను

బ్యాగు: ఫ్రేము తీసేసి బకెట్లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో పట్టీలు రుద్దండి. ఆరడానికి రెండు రోజులు పడుతుంది, అందుకే ముందే మొదలుపెట్టాలి.

సేఫ్టీ హార్నెస్: మిమ్మల్ని మోసేది దీని దారం. బ్లీచ్, పెరాక్సైడ్, ఓజోన్ (వాసన పోగొట్టే యంత్రాలు వదిలే వాయువు), డ్రయర్ వేడి తగలనివ్వకండి. తయారీదారు చెప్పిన పద్ధతిలోనే శుభ్రం చేసి, నీడలో ఆరబెట్టండి. కుట్లు చూడండి, గడువు తేదీ చూడండి. వాసన ఉన్న హార్నెస్ పరవాలేదు. బలహీనమైన హార్నెస్‌తో చెట్టు ఎక్కకూడదు.

తుపాకీ: సాల్వెంట్, నూనె ఘాటుగా ఉంటాయి. శుభ్రం చేసే పని వారం ముందే ముగించి, అదనపు నూనె పొడిగుడ్డతో తుడిచి, గాలి తగిలే సురక్షితమైన చోట తాళం వేసి పెట్టండి. వాసన కోసం నూనె పూర్తిగా మానేస్తే తుప్పు పడుతుంది. పల్చటి పొర ఉండాలి.

విల్లు: చేతి పిడి, రిలీజ్ (బాణం వదిలే మీట) పట్టీ చెమట పట్టేవి. రబ్బింగ్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పిడి తుడవండి, ఆవిరైపోతుంది. పట్టీ ఉతకండి. తాడుకు వాసన లేని మైనం వాడండి, స్ప్రేలు తగలనివ్వకండి.

లెన్సుల మీద ఏ స్ప్రే వద్దు, పూత పాడవుతుంది. ఫోన్, తాళాలు, పర్సు ఒక జిప్ సంచిలో పెట్టి బ్యాగు అడుగున పడేయండి.

11. స్ప్రే, కార్బన్ బట్టలు, ఓజోన్: ఎంత నమ్మాలి

స్ప్రే ఉపయోగమే. బండి దగ్గర బూట్ల మీద, బ్యాగు మీద, టోపీ మీద చివరిసారి కొట్టడానికి బాగుంటుంది. మురికి బట్ట మీద కొడితే ఉతికినట్టు కాదు.

ఇంట్లో చేసుకోవాలంటే: రెండు కప్పుల 3% హైడ్రోజన్ పెరాక్సైడ్, రెండు కప్పుల డిస్టిల్డ్ వాటర్, పావు కప్పు వంటసోడా. కలిపి, మూత వదులుగా పెట్టి ఉంచండి. ఈ మిశ్రమం వాయువు వదులుతుంది. బిగించి మూస్తే సీసా ఉబ్బి పగలవచ్చు. తేటను స్ప్రే సీసాలో పోసుకోండి. దీని బలం త్వరగా తగ్గుతుంది కాబట్టి తక్కువ తక్కువగా చేసుకోండి. బట్ట మూలలో కొంచెం కొట్టి రంగు పోతుందేమో ముందు చూడండి. ఇందులో వినెగర్ ఎప్పుడూ కలపకండి.

కార్బన్ బట్టలు కొంత వాసనను పట్టి ఉంచుతాయి. కార్బన్ నిండిపోయాక దాన్ని పూర్తిగా ఖాళీ చేయాలంటే ఇంటి డ్రయర్ వేడి చాలదు. డబ్బు మిగిలితే కొనండి, ముందు పెట్టెలు, బూట్లు కొనండి.

ఓజోన్ యంత్రాలు వాసన అణువులను విడగొడతాయి. రబ్బరును, ఎలాస్టిక్‌ను కూడా పాడుచేస్తాయి. ఓజోన్ ఊపిరితిత్తులకు హాని. మనుషులు ఉన్న గదిలో ఓజోన్ జనరేటర్లు వాడటం గురించి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్పష్టంగా హెచ్చరిస్తుంది. వాడితే మూసిన సంచిలో, గ్యారేజీలో మాత్రమే వాడి, తెరిచి గాలి ఆడనివ్వండి. నేనైతే దీనికి డబ్బు పెట్టమని చెప్పను.

జింక మూత్రంతో చేసిన ఆకర్షక ద్రవాలు జింకలను చంపే క్రానిక్ వేస్టింగ్ జబ్బు పాకుతుందన్న భయంతో వర్జీనియా, వెర్మాంట్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో నిషిద్ధం. మీ రాష్ట్ర నిబంధన చూడకుండా కొనకండి.

12. ముందురోజు రాత్రి, వేట రోజు తెల్లవారుజామున

ముందురోజు:
- పెట్రోలు నింపడం ముగించండి
- కారు ఫ్రెష్‌నర్ తీసేయండి, పాత టేక్‌అవుట్ డబ్బాలు పారేయండి
- గాలి దిశ సూచన చూసి ఏ మంచె ఎక్కాలో తేల్చుకోండి
- రెండు పెట్టెలూ, వాడిన బట్టల ఖాళీ పెట్టె కూడా కార్లో పెట్టండి

వేట రోజు, వరుస మార్చకుండా:
1. వాసన లేని సబ్బుతో స్నానం, వంటసోడాతో పళ్ళు తోముకోవడం.
2. పెట్టెలో ఉతికి పెట్టుకున్న మామూలు ప్రయాణపు బట్టలు, చెప్పులు. వేట బట్టలు ఇంకా వద్దు.
3. కాఫీ ఇంట్లోనే తాగేయండి. కార్లో తినడం వద్దు.
4. చేరాక బండి పక్కన చాపలాంటి పట్టా పరిచి, దాని మీద నిలబడి బట్టలు మార్చుకోండి.
5. లోపలి పొర మాత్రమే వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఆరెంజ్ తప్పనిసరి అయితే అది పైన వేసుకుని నడవండి. బరువైన జాకెట్ బ్యాగుకు కట్టండి.
6. మంచె దగ్గరికి చేరాక కాసేపు ఆగి, చెమట ఆరాక జాకెట్ వేసుకోండి.

ఐదో అడుగును అందరూ దాటేస్తారు. చలి వేస్తోందని కారు దగ్గరే అన్నీ వేసుకుని నడుస్తారు. పావుగంట నడకలో లోపల తడిసిపోతుంది. కాస్త చలిగా నడవడమే సరైనది.

13. గాలిని చదవడం

సన్నటి పొడి సీసా దగ్గరి గాలిని చూపిస్తుంది. మిల్క్‌వీడ్ (జిల్లేడు లాంటి మొక్క) కాయలోని దూది దూరం దాకా తేలుతూ వెళ్తుంది, గాలి ఎక్కడ మలుపు తిరుగుతుందో కంటికి చూపిస్తుంది. జేబులో కాస్త ఉంచుకోండి.

కొండ వాలులో గాలి రోజులో రెండుసార్లు మారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక గాలి పైకి ఎక్కుతుంది. సాయంత్రం చల్లబడుతుండగా పల్లానికి జారుతుంది. ఉదయం వేటకు వాలు పైభాగం, సాయంత్రం వేటకు కింది భాగం సాధారణంగా అనుకూలం. లోయ అడుగున గాలి సుడి తిరుగుతుంది, అక్కడ కూర్చోకపోవడం మంచిది.

జింకలు నడిచే దారిని మీరు తొక్కుతూ వెళ్ళకండి. చుట్టూ తిరిగి వెళ్ళినా సరే. దారిలో కొమ్మలను ఉత్త చేతులతో పట్టుకోకండి, గ్లవ్స్ ఉండాలి.

14. తరచూ జరిగే తప్పులు, సవరణలు

- మొదటి రోజు బాగుంది, మూడో రోజు జింకలు బెదురుతున్నాయి: అదే లోపలి బనియన్ వాడుతున్నారు. ఒంటికి తగిలే పొర రోజూ మారాలి. పై జాకెట్ రోజూ ఉతకనక్కర్లేదు, రాత్రి చెట్టు కొమ్మకు తగిలించి గాలికి ఆరనివ్వండి.
- అదే మంచె దగ్గర వరుసగా బెదురుతున్నాయి: సామాను తప్పు కాకపోవచ్చు. నేల మీద మీ జాడ పేరుకుంది. ఆ మంచెకు కొన్ని రోజులు విరామం ఇవ్వండి.
- ఉతికినా బూజు వాసన పోలేదు: నానబెట్టి మళ్ళీ ఉతికి, ఈసారి ఎండలో ఆరేయండి. మెషిన్ రబ్బరు కూడా చూడండి.
- వేట మధ్యలో మూత్రానికి దిగాల్సి వస్తోంది: వెడల్పు మూతి సీసా తెచ్చుకోండి. పదేపదే దిగి ఎక్కడం వాసనకూ, భద్రతకూ మంచిది కాదు.
- బట్టల మీద తెల్లటి మరకలు: సోడా ఎక్కువైంది. మామూలు నీళ్ళలో జాడించండి.

15. వేట అయ్యాక

బట్టలు బండి దగ్గరే మార్చుకుని, వాడిన పెట్టెలో వేయండి. జింకను కోసి శుభ్రం చేసేటప్పుడు పొడవు గ్లవ్స్ వాడండి. నెత్తురు మరకలను చల్లటి నీళ్ళతోనే కడగండి, వేడినీళ్ళు తగిలితే మరక అతుక్కుపోతుంది. పోకపోతే 3% పెరాక్సైడ్ చుక్కలు వేసి వెంటనే జాడించండి. ఆరెంజ్ వెస్ట్‌కు, ఉన్నికి ఇది వద్దు.

ఒళ్ళంతా టిక్‌ల కోసం వెతుక్కోండి: మోకాలి వెనక, చంకలు, నడుము, తలవెంట్రుకల అంచు.

సీజన్ ముగిశాక అన్నీ ఒకసారి ఉతికి, రెండు రోజులు బాగా ఆరనిచ్చి, పెట్టెలో పెట్టండి. మూత మీద టేపు అంటించి తేదీ రాయండి. ఆగస్టులో ఒకసారి తెరిచి వాసన చూడండి. చెమ్మ వాసన వస్తే సీజన్ మొదలయ్యేలోపు మళ్ళీ ఉతుక్కోవడానికి సమయం ఉంటుంది.